మిడ్‌వే అంతా లక్కేనా?
రెండో ప్రపంచ యుద్ధంలో పసిఫిక్‌లోని మిడ్‌వే దీవి దగ్గర జపాన్ నౌకాదళం మీద అమెరికా లక్కు కొద్దీ గెలిచిందని మీ వ్యాసంలో రాశారు, నేనైతే ఒప్పుకోనండీ. జపాన్ రహస్య కోడ్‌ని అమెరికా వాళ్ళు ముందే పట్టేశారు, ఆ మెసేజుల్లో దాడి చేయబోయే చోటుగా వచ్చిన ఏఎఫ్ అంటే మిడ్‌వేనా కాదా తేల్చుకోడానికి అక్కడ మంచినీళ్ళ ప్లాంటు పాడైందని ఉత్తుత్తి మెసేజ్ పంపి మరీ కన్ఫర్మ్ చేసుకున్నారు, దెబ్బతిన్న యార్క్‌టౌన్ క్యారియర్‌ని (విమానాల్ని మోసే యుద్ధనౌక) పెర్ల్ హార్బర్‌లో మూడు రోజుల్లో రిపేర్ చేసి పంపారు, ఇదంతా లక్కేనా? 1942 జూన్ 4న అమెరికా డైవ్ బాంబర్లు (నిట్టనిలువుగా దూకి బాంబులేసే విమానాలు) జపాన్ క్యారియర్ల మీదికి సరిగ్గా టైముకి రావడం మాత్రం లక్కే, సరే. అన్నట్టు అదే ఏడాది ఏప్రిల్ 6న వైజాగ్, కాకినాడ మీద జపాన్ బాంబులు పడ్డాయని మా బెజవాడ తాతయ్య చెప్తుండేవాడు. ఆ విమానాలొచ్చిన ర్యూజో క్యారియర్‌ని మిడ్‌వేకి కాకుండా అలాస్కా దగ్గరి అల్యూషన్స్ దీవుల వైపు పంపారు. ఉన్న క్యారియర్లని అలా చెల్లాచెదురు చేసుకోవడమే జపాన్ నౌకాదళాన్ని నడిపిన అడ్మిరల్ యమమొటో చేసిన పెద్ద తప్పు, దాని గురించి ఒక్క ముక్క కూడా రాయలేదేంటండీ?