పండుగ ప్రయాణానికి కొన్న బండి

సంక్రాంతికి రెండు రోజుల ముందు పంతంగి టోల్‌ప్లాజా దగ్గర నిలబడితే తెలుగువాళ్ల కార్లు ఎంతగా మారిపోయాయో కళ్లారా చూడవచ్చు. హైదరాబాద్ నుంచి విజయవాడ వైపు సాగే ఆ బారుల్లో ఒకప్పుడు చిన్న కార్లే ఎక్కువ. ఇప్పుడు వరసకు వరస ఎత్తయిన ఎస్‌యూవీలే. ఆ నాలుగు రోజులూ వాటిలో ఒక్క సీటూ ఖాళీగా ఉండదు. వెళ్లేటప్పుడు పిల్లలు, పెద్దలు, కొత్త బట్టల సంచులు. వచ్చేటప్పుడు అరిసెల డబ్బాలు, డిక్కీలో బియ్యం బస్తా. అంత పెద్ద బండి ఎందుకు తీసుకున్నారని అడిగితే ఆ ఇంటివారు ఈ ప్రయాణాన్నే చూపిస్తారు. మరోటి అడిగితే తిరుపతి ప్రయాణం చెబుతారు. రెండూ నిజమే. అయితే కనుమ వెళ్లిన మర్నాటి నుంచి అదే బండి డ్రైవరు సీటులో ఒక్క మనిషిని కూర్చోబెట్టుకుని, మిగతా సీట్లన్నీ ఖాళీగా, ఇంటికీ ఆఫీసుకూ మధ్య రోజుకు ముప్పై కిలోమీటర్లు తిరుగుతుంది. ఏడాదిలో నాలుగు రోజుల అవసరం కోసం కొన్న బరువును మిగిలిన మూడు వందల రోజులూ మోస్తున్నాం. మోయడానికి కావలసిన పెట్రోలును కాలుస్తున్నాం. మా అభ్యంతరం ఇక్కడే.

లెక్క చిన్నదే, వేసి చూద్దాం. రోజుకు 30 కిలోమీటర్ల చొప్పున 300 రోజులకు 9 వేల కిలోమీటర్లు. నగరపు రద్దీలో పెద్ద పెట్రోలు ఎస్‌యూవీ లీటరుకు 10 కిలోమీటర్లు ఇస్తే ఏడాదికి 900 లీటర్లు కావాలి. ఒక లీటరు పెట్రోలు కాలితే సుమారు 2.3 కిలోల కార్బన్ డయాక్సైడ్ వెలువడుతుంది. అంటే ఏడాదికి 2 టన్నుల పైమాటే. అదే దారిలో లీటరుకు 16 కిలోమీటర్లు ఇచ్చే చిన్న కారయితే 1.3 టన్నులతో సరిపోతుంది. ముప్పావు కిలో కూడా తూగని లీటరు పెట్రోలు నుంచి రెండు కిలోలకు పైగా వాయువు ఎలా వస్తుందని కొందరికి అనుమానం. పెట్రోలులోని ఒక్కో కార్బన్ పరమాణువూ మండేటప్పుడు గాలిలోంచి రెండేసి ఆక్సిజన్ పరమాణువులను కలుపుకుంటుంది కాబట్టి ఆ బరువు వస్తుంది. అలా ఆకాశంలోకి చేరినదానిలో గణనీయమైన భాగం వందల ఏళ్లు అక్కడే ఉంటుంది. బండిని పదేళ్ల తర్వాత తుక్కుకు వేసినా దాని పొగ మన మునిమనవళ్ల కాలంలోనూ గాలిలో మిగిలే ఉంటుంది.

ఆ 2 టన్నులు పెద్ద లెక్కా అని అడిగేవారికి ఒక్క పోలిక చాలు. మన దేశంలో ఒక మనిషి సగటున ఏడాదికి వెలువరించే కార్బన్ డయాక్సైడ్ మొత్తం కలిపి సుమారు 2 టన్నులు. అతని వంటగ్యాసు, ఇంటి కరెంటు, ఎక్కిన బస్సు, వాడిన సిమెంటు, ఉక్కు వాటా, అన్నీ అందులోనివే. ఆఫీసుకు వెళ్లి రావడానికి వాడే ఒక్క పెద్ద కారు ఒక సగటు భారతీయుడి ఏడాది జీవితంతో సమానమైన పొగను వదులుతోందన్నమాట.

ఈ విషయం కదిపినప్పుడల్లా ఒక మాట వినిపిస్తుంది. అమెరికాలో సగటు మనిషి 14 టన్నుల దాకా వదులుతుంటే, అక్కడ ఒక్క కారే ఏడాదికి 4.6 టన్నులు వెలువరిస్తుంటే మనకెందుకు ఈ నీతులు అని. దేశాల మధ్య బేరసారాల్లో ఈ వాదన న్యాయమైనదే. చరిత్రలో ఎక్కువ బొగ్గు, చమురు కాల్చినవారు ఎక్కువ భారం మోయాలని అంతర్జాతీయ సదస్సుల్లో భారత్ గట్టిగా అడగాలి, అడుగుతోంది. కానీ అదే వాదన ఎస్‌యూవీ కొనే ఇంటి గుమ్మంలోకి వచ్చేసరికి దాని న్యాయం పోతుంది. మన సగటు 2 టన్నుల దగ్గర ఆగిందంటే కారణం కోట్లాది పేదలు దాదాపు ఏమీ కాల్చకపోవడమే. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో కారున్న ఇళ్లు నూటికి ఎనిమిది కూడా లేవు. కారున్న మనిషి దేశ సగటును అడ్డుపెట్టుకున్నప్పుడు అతను దాక్కుంటున్నది పత్తి చేలో కూలి చేసే మనిషి నీడలో. మే నెల ఎండలో ఆ కూలికే నీడ ఉండదు. 2023 ఏప్రిల్‌లో మన దేశంలోనూ బంగ్లాదేశ్‌లోనూ వచ్చిన ఉక్కపోత వడగాలులు భూతాపం వల్ల కనీసం 30 రెట్లు ఎక్కువగా సంభవించే పరిస్థితి ఏర్పడిందని శాస్త్రవేత్తలు తేల్చారు. పొగ ఎవరిదో, ఎండ ఎవరికో చూడండి.

దీనికి రెండో వైపు కూడా ఉంది. దాన్ని దాటవేస్తే మేము సామాన్యుడి మీద నింద మోపినవారమవుతాం. ‘కార్బన్ పాదముద్ర’, అంటే ఒక మనిషి జీవనం వల్ల వెలువడే కార్బన్ వాయువుల మొత్తం, అనే మాటను ఇంటింటికీ చేర్చింది పర్యావరణవేత్తలు కారు, బ్రిటిష్ పెట్రోలియంగా పేరుపడిన బీపీ చమురు సంస్థ. 2004 ప్రాంతంలో అది భారీ ప్రచారం చేపట్టి, మీ పాదముద్ర ఎంతో మీరే లెక్కవేసుకోండంటూ జనానికి ఆన్‌లైన్‌లో ఒక లెక్కింపు సాధనం అందించింది. చమురు తవ్వి అమ్మేవారు తమ బాధ్యతను వాడేవారి భుజాల మీదికి జరపడానికి అదొక తెలివైన ఎత్తుగడ. దానివల్ల కలిగిన హాని ఇప్పటికీ పోలేదు. కొందరు ప్రతి చిన్న పనికీ తమను తామే నిందించుకుంటున్నారు. మరికొందరు ఆ ఎత్తుగడను పసిగట్టి, అంతా కంపెనీల తప్పు, మనం చేయగలిగేదేమీ లేదని చేతులు దులుపుకుంటున్నారు. కంపెనీ తవ్వే చమురులో 900 లీటర్లు ఏటా ఒకరి ట్యాంకులోకి వెళుతున్నప్పుడు ఆ ఒక్కరికి ఏమీ సంబంధం లేదనడం మాకు సమ్మతం కాదు. ప్లాస్టిక్ సంచి, స్నానాల గదిలో నీళ్ల కుళాయి వంటి వాటితో పోల్చదగిన విషయం కాదిది. మధ్యతరగతి మనిషి జీవితంలో ఒక్క సంతకంతో పదేళ్ల పొగను నిర్ణయించే సందర్భాలు ఎన్నో ఉండవు. కారు కొనడం అందులో ఒకటి.

ఆ సంతకం వెనక ఏముందో మనందరికీ తెలుసు. కొత్త బండి రాగానే గుడికి తీసుకెళ్లి పూజ చేయిస్తాం, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి తొక్కిస్తాం, ఫొటో తీసి బంధువులందరికీ పంపుతాం. దసరాకు పసుపు, కుంకుమ, పూలదండ. నచ్చిన నంబరు కోసం రవాణా కార్యాలయాల వేలంలో లక్షలు పోసేవారున్నారు. పెళ్లి మాటల్లో కారు పేరు ఇప్పటికీ వస్తూనే ఉంది. మన దగ్గర కారు ప్రయాణ సాధనం కంటే ముందు ఇంటి హోదాకు గుర్తు. బావమరిది పెద్దది కొంటే మనం చిన్నది కొనడం ఎలా అన్న ఆలోచన ఎన్నో ఇళ్లలో మైలేజీ లెక్కను మింగేస్తోంది. 2024-25లో దేశంలో అమ్ముడైన సుమారు 43 లక్షల ప్రయాణికుల వాహనాల్లో దాదాపు 28 లక్షలు ఎస్‌యూవీల వంటి యుటిలిటీ వాహనాలే. ప్రపంచంలోని ఎస్‌యూవీలన్నిటినీ కలిపి ఒక దేశంగా భావిస్తే కార్బన్ డయాక్సైడ్ వెలువరించడంలో ఐదో స్థానంలో నిలుస్తుందని అంతర్జాతీయ ఇంధన సంస్థ 2023 ఏడాదికి లెక్కగట్టింది. ఇందులో పత్రికల పాత్రా ఉంది. మొదటి పేజీ నిండా ఈ బండ్ల ప్రకటనలు అచ్చువేసే పరిశ్రమలో మేమూ ఒక భాగం. ఆ సంగతి మరిచి ఈ మాటలు రాయడం లేదు.

పిల్లల భద్రత కోసం పెద్ద బండి తీసుకున్నామని చెప్పే తల్లిదండ్రులను తేలిగ్గా కొట్టిపారేయలేం. మన రోడ్లు అలాంటివి. అయితే 2022లో రోడ్డు ప్రమాదాల్లో చనిపోయిన 1.68 లక్షల మందిలో 44 శాతానికి పైగా ద్విచక్ర వాహనాలపై వెళ్లేవారు. దాదాపు ఐదో వంతు మంది పాదచారులు. ఎదుట వచ్చే బండి ఎంత ఎత్తుగా, ఎంత బరువుగా ఉంటే వారికి అంత ముప్పు. ఒక ఇంటివారు భద్రత కోసం బరువు పెంచుకుంటే పక్కింటి చిన్న కారు భయపడుతుంది, వారూ పెంచుకుంటారు. స్కూటరు మీద పిల్లను బడికి దింపే తండ్రికి ఈ పోటీలో చోటే లేదు. పైగా ప్రమాద పరీక్షల్లో ఐదు నక్షత్రాలు సాధించిన చిన్న కార్లు ఇప్పుడు మన మార్కెట్లోనే దొరుకుతున్నాయి. షోరూముకు వెళ్లినప్పుడు సన్‌రూఫ్ గురించి అడిగే ముందు ఆ నక్షత్రాల గురించి అడగాలి.

విద్యుత్ కారు కొంటే పాపం పోయినట్టే అన్న నమ్మకం కూడా సగమే నిజం. మన దేశపు విద్యుత్తులో సుమారు నాలుగింట మూడు వంతులు ఇంకా బొగ్గు నుంచే వస్తోంది. ఒక యూనిట్ వెనక దాదాపు 700 గ్రాముల కార్బన్ డయాక్సైడ్ ఉంది. యూనిట్‌కు ఏడు కిలోమీటర్లు నడిచే చిన్న విద్యుత్ కారు లెక్కన కిలోమీటరుకు 100 గ్రాములు. యూనిట్‌కు ఐదు కిలోమీటర్లే ఇచ్చే భారీ విద్యుత్ ఎస్‌యూవీకి 140 గ్రాములు. ఇందాక చెప్పిన చిన్న పెట్రోలు కారూ కిలోమీటరుకు దాదాపు అంతే వదులుతుంది. పెద్ద బ్యాటరీ తయారీలో ఖర్చయ్యే ఇంధనం దీనికి అదనం. అయినా మేము విద్యుత్ కారు పక్షమే. కర్నూలు సౌర పార్కులోని 1,000 మెగావాట్ల వంటి సామర్థ్యం ఏటేటా పెరుగుతున్న కొద్దీ ఈరోజు కొన్న విద్యుత్ కారు పొగ ఏడాదికేడాది తగ్గుతుంది. పెట్రోలు కారుకు ఆ అదృష్టం లేదు. చిన్న విద్యుత్ కారయితే నడిపేటప్పుడు వచ్చే పొగ లెక్కలో మొదటి రోజు నుంచే మేలు. అపార్టుమెంటు సంఘాలు సెల్లారులో ఛార్జింగు ప్లగ్గుకు అనుమతి ఇవ్వకుండా నెలల తరబడి నానబెట్టడం మానుకుంటే ఈ మేలు చాలామందికి అందుతుంది.

ఎవరి మనస్సాక్షినీ ప్రభుత్వం కొనలేదు. కానీ ధరను మార్చగలదు. 2025 సెప్టెంబరు 22 నుంచి అమలైన జీఎస్టీ మార్పుల్లో చిన్న కార్లపై పన్ను 28 నుంచి 18 శాతానికి తగ్గింది. మంచి నిర్ణయం. అదే రోజు పెద్ద ఎస్‌యూవీలపై సెస్సుతో కలిపి 50 శాతం దాకా ఉన్న భారం కూడా 40కి దిగింది. పొగ ఎక్కువ వదిలే బండికీ బహుమతి ఎందుకో కేంద్రం వివరించాలి. కంపెనీలు అమ్మే కార్ల సగటు ఉద్గారాలకు పరిమితి విధించే నిబంధనలు మనకు 2017 నుంచి ఉన్నాయి. ఆ పరిమితి బండ్ల సగటు బరువును బట్టి మారుతుంది. బరువైన బండ్లు అమ్మే కంపెనీకి ఎక్కువ పొగ వదిలే వెసులుబాటు దొరుకుతుంది. ఈ మెలిక తొలగాలి. పారిస్ నగరం 2024 ఫిబ్రవరిలో ప్రజాభిప్రాయం తీసుకుని, బయటి నుంచి వచ్చే బరువైన కార్లకు నగరం నడిబొడ్డున పార్కింగు రుసుమును గంటకు 18 యూరోలకు, అంటే మూడు రెట్లకు పెంచింది. మన జూబ్లీహిల్స్‌లోనో బెంజి సర్కిల్‌లోనో నాలుగైదు స్కూటర్లు పట్టే చోటును ఒక్క బండి ఆక్రమించి ఉచితంగా నిలబడుతోంది.

ఇక బస్సు. కోటి జనాభా దాటిన హైదరాబాద్‌లో ఆర్టీసీ సిటీ బస్సులు సుమారు 3 వేలు. బెంగళూరులో 6 వేలకు పైగా ఉన్నాయి. మెట్రో మొదటి దశ 69 కిలోమీటర్ల దగ్గర ఆగింది. విశాఖ, విజయవాడ మెట్రోలు ఇంకా పట్టాలెక్కలేదు. తెలంగాణలో 2023 డిసెంబరు నుంచి, ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు 15 నుంచి మహిళలకు ఉచిత బస్సు ప్రయాణం వచ్చాక బస్సు ఎక్కాలనుకునేవారు ఎంతమంది ఉన్నారో అందరూ చూశారు. అంతమందికి సరిపడా బస్సులు లేకపోవడమే కొరత. మంత్రుల కాన్వాయ్‌లలో వరసగా సాగే భారీ వాహనాలను చూస్తూ బస్టాపులో నిలబడిన మనిషికి వాతావరణం గురించి చెప్పే అర్హత ఏ ప్రభుత్వానికైనా ఎలా వస్తుంది? బస్సు లేని శివారు కాలనీలో ఉండి, ముసలి తల్లిని డయాలిసిస్‌కు తీసుకెళ్లడానికి కారు కొన్న కుటుంబాన్ని మేము ఒక్క మాటా అనం. ఆ ఇంటికి కారు అవసరం. ఎంత కారు అన్నదే మా ప్రశ్న.

రోజూ చేసే ప్రయాణానికి సరిపడా బండి కొనుక్కుని, పండుగకు ట్రావెల్స్ వాళ్ల దగ్గర పెద్ద బండి అద్దెకు తీసుకుంటే ఏమవుతుందో ఇంట్లో కూర్చుని ఒక సాయంత్రం లెక్కవేసుకోమని మా పాఠకులను అడుగుతున్నాం. చిన్న బండికీ పెద్ద బండికీ ధరలో తేడా లక్షల్లో ఉంటుంది. ఆ తేడాతో ఎన్ని సంక్రాంతులకు, ఎన్ని తిరుపతి ప్రయాణాలకు అద్దె కట్టవచ్చో తేలుతుంది. వాయిదాల మీద వడ్డీ, ఏటా బీమా, పెట్రోలు ఖర్చు కూడా కలిపితే కాగితం మీద ఇంకా చోటు చాలదు.

రాష్ట్రాల చేతిలో ఉన్నది జీవితకాల పన్ను. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ అది కారు ధరను చూస్తుందే తప్ప బరువును చూడదు. తెలంగాణ 2024 నవంబరులో ప్రకటించిన విధానం విద్యుత్ వాహనాలకు రోడ్డు పన్ను, రిజిస్ట్రేషన్ రుసుము పూర్తిగా మాఫీ చేసింది. చిన్న విద్యుత్ కారుకూ కోటి రూపాయల విద్యుత్ ఎస్‌యూవీకీ ఒకే మాఫీ. దీని గడువు 2026 డిసెంబరు 31. ఆ తర్వాతి విధానం రాసేటప్పుడు రవాణా శాఖ ఆ దస్త్రంలో కారు ధర పక్కన బరువుకు కూడా ఒక గడి గీయాలి. తేలిక బండికి పూర్తి మాఫీ కొనసాగించి, బరువు పెరిగేకొద్దీ పన్ను వేసి, వచ్చిన ప్రతి రూపాయినీ సిటీ బస్సుల కొనుగోలుకు కేటాయించాలి.