‘వన్స్ మోర్’కి అడ్డం పడ్డ టోస్కా

2024 సెప్టెంబర్ 8న సియోల్‌లో జరిగిన గొడవ క్లిప్పుల్లో చాలామంది చూసే ఉంటారు. సెజోంగ్ సెంటర్‌లో పుచ్చీని ఒపెరా (మొత్తం పాటలతోనే నడిచే నాటకం) ‘టోస్కా’ ఆఖరి ప్రదర్శన. మూడో అంకంలో హీరో పాట అయిపోయింది. చప్పట్లు ఆగలేదు. ఆర్కెస్ట్రాను నడిపించే కండక్టర్ సరేనన్నారు, టెనార్ (పైస్థాయి గొంతున్న గాయకుడు) అదే పాట మొదటి నుంచి మళ్లీ ఎత్తుకున్నారు. ఆ రెండో విడత నడుస్తుండగానే నాయిక టోస్కా వేషంలో ఉన్న ఆంజెలా గియోర్గియు వేదిక మీదికి వచ్చేశారు. పాట కాగానే ఆర్కెస్ట్రాను ఆపించి, ఇది కచేరీ కాదు, నాకు గౌరవం ఇవ్వండి అని హాలంతా వినపడేలా అన్నారు. చివర్లో దండం పెట్టడానికి వస్తే ప్రేక్షకులు ‘బూ’ కొట్టారు. ఆమె అట్నుంచి అటే వెళ్లిపోయారు. సంస్థ క్షమాపణ చెప్పాలంది. ఇంకేముంది, డీవా పొగరు అంటూ ప్రపంచమంతా ఒకటే కోడై కూత.

నా లెక్కలో ఆమె చేసింది సరైన పనే. పద్ధతి మొరటుగా ఉందంటే ఉండొచ్చు. కానీ ఆ హాలులో ఆ రోజు నాటకం గురించి పట్టించుకున్నది ఆమె ఒక్కరే.

ఆమె ఎవరో ఒపెరా అభిమానులకు చెప్పనక్కర్లేదు. మిగతావాళ్ల కోసం నాలుగు ముక్కలు. రొమేనియాలోని అజుద్ అనే చిన్న ఊరు, తండ్రి రైలింజను డ్రైవరు. పద్నాలుగో ఏట సంగీతం కోసం బుకారెస్ట్‌ వచ్చారు. అక్కడి నియంత చౌషెస్కూ కూలిన కొద్ది నెలలకే, 1990లో, కన్సర్వేటరీ చదువు పూర్తయింది. 1992లో లండన్ ఒపెరా థియేటర్ కోవెంట్ గార్డెన్, ఆ మరుసటేడు న్యూయార్క్ మెట్రోపాలిటన్ ఒపెరా (మెట్). 1994 డిసెంబర్లో 82 ఏళ్ల జార్జ్ షోల్టీ నిర్వహణలో ‘లా ట్రావియాటా’ పాడితే, బీబీసీ టూ ముందే వేసుకున్న కార్యక్రమాలు పక్కనపెట్టి ప్రత్యక్ష ప్రసారం చేసింది. చదువు ముగిసిన నాలుగేళ్లకే ఇదంతా. సియోల్ ప్రదర్శన నాటికి ఆమెకు 59 నిండి సరిగ్గా ఒక రోజు.

ఇప్పుడు అసలు సీను దగ్గరికి వద్దాం. 1800 జూన్, రోమ్‌లో కాస్టెల్ సాంట్ ఏంజెలో కోట పైకప్పు. తెల్లవారబోతోంది. చిత్రకారుడు కవరదోస్సికి ఇంకో గంటే ఆయుష్షు. కాపలావాడికి తన ఉంగరం లంచమిచ్చి, ప్రియురాలు టోస్కాకు ఉత్తరం రాసుకోవడానికి కాగితం, కలం అడుక్కుంటాడు. రెండు మూడు వాక్యాలు రాస్తాడో లేదో, జ్ఞాపకాలు ముంచుకొస్తాయి, కలం ఆగిపోతుంది. నక్షత్రాలు వెలిగిన ఆ రాత్రి గురించి పాడతాడు. పాట చివర వెక్కి వెక్కి ఏడుస్తాడు. అప్పుడు టోస్కా పరుగున రావాలి, చేతిలో ఊరు దాటడానికి అనుమతి పత్రంతో. ఆమె అప్పటికే ఒక మనిషిని పొడిచి చంపి వచ్చింది. ఒక్క నిమిషం వృథా చేయలేని స్థితి. పుచ్చీని ఆ సంగీతాన్ని కట్టిందే అలా: పాట కింద ఉన్న దుఃఖం ఆరకముందే ఆమె అడుగుల తొందర వినపడాలి.

ఇక్కడ ‘ఇంకోసారి’ అంటే ఏమవుతుంది? ఏడుస్తున్నవాడు కళ్లు తుడుచుకుని, జనానికి ఒక చిరునవ్వు విసిరి, కూర్చుని మళ్లీ మొదటి నుంచి ఏడవాలి. గంటలో చావాల్సినవాడికి టైము మిగిలిపోయిందన్నమాట! వేదిక పక్కన తెర చాటు చీకట్లో రక్తం అంటిన చేతులతో నిలబడ్డ టోస్కా ఏం చేయాలి? చప్పట్లు లెక్కపెట్టుకోవాలా?

2016 ఏప్రిల్లో వియన్నాలోనూ ఇదే పాట, ఇదే కథ, టోస్కా కూడా గియోర్గియే. టెనార్ యోనాస్ కౌఫ్‌మన్ రెండోసారి పాడాక టోస్కా రావాల్సిన చోట వేదిక ఖాళీగా ఉండిపోయింది. ఆయన మన దగ్గర సొప్రానో (పైస్థాయి గొంతున్న గాయని) లేరంటూ అక్కడికక్కడే జోకు పాడి హాలును నవ్వించారు. ఆ జోకు ఇప్పటికీ తిరుగుతోంది. మరణశిక్ష పడ్డవాడి సీనులో జనం పగలబడి నవ్వారన్న సంగతి ఎవరికీ ఇబ్బందిగా అనిపించలేదు.

ఈ ‘వద్దు’ అనే మాటకు ఒపెరాలో పెద్ద చరిత్రే ఉంది. 1903లో మిలాన్ లా స్కాలాలో ఒక పాట మళ్లీ పాడించాలని జనం పట్టుబడితే, కండక్టర్ ఆర్తురో తోస్కానినీ ప్రదర్శన మధ్యలోనే వదిలేసి వెళ్లిపోయారు. కొన్నేళ్ల పాటు ఆ థియేటర్ గడప తొక్కలేదు. సంగీత చరిత్ర పుస్తకాలు దీన్ని సంస్కరణ అంటాయి. నాటకాన్ని గాయకుల విన్యాసాల నుంచి కాపాడిన మహానుభావుడని పొగుడుతాయి. కండక్టర్ కార్లోస్ క్లైబర్ రద్దు చేసిన కచేరీల జాబితా చాంతాడంత. పియానో విద్వాంసుడు మికెలాంజెలీదీ అదే వరస. వాళ్లవి రాజీపడని కళాకారుల కథలయ్యాయి. గియోర్గియు దగ్గరికి వచ్చేసరికి మాత్రం అది నఖరా. పైగా రొమేనియా నుంచి వచ్చారు కాబట్టి పత్రికలు ‘డ్రాకులెట్’ అని ముద్దుపేరు కూడా తగిలించాయి. మగవాడు వద్దంటే సిద్ధాంతం, ఆడది వద్దంటే మూడ్ బాగాలేదు. ఇంతకన్నా తేడా ఏముందో ఎవరైనా చెబితే వినాలని ఉంది.

ఆమె వద్దన్నవి ఏమిటో ఒకసారి చూడండి. 1997లో మెట్ బృందం జపాన్ వెళ్లినప్పుడు ‘కార్మెన్’లో మికేలా పాత్రకు దర్శకుడు జెఫిరెల్లీ ఇచ్చిన బంగారు రంగు విగ్గు పెట్టుకోనన్నారు. ఆవిడ వేదికెక్కినా ఎక్కకపోయినా విగ్గు మాత్రం ఎక్కుతుందని జనరల్ మేనేజర్ జోసెఫ్ వోల్పీ అన్న మాట ఒపెరా లోకంలో సామెతై కూర్చుంది. 2011లో అదే మెట్, ‘ఫౌస్ట్’ కథను అణుబాంబు కాలానికి జరిపితే ఆ నిర్మాణం నుంచి తప్పుకున్నారు. ‘మదామ్ బటర్‌ఫ్లై’ని స్టూడియోలో మొత్తం రికార్డు చేశారు. రంగస్థలం మీద ఆ బరువు తన గొంతుకు తగదని పక్కనపెట్టారు. ఈ చివరిది మిగతా రెండింటి కన్నా ముఖ్యం. సొప్రానో గొంతు చెడేది చాలాసార్లు చేతగాక కాదు, అడిగిందల్లా పాడటం వల్ల. థియేటర్లకు పేరు కావాలి, కంపెనీలకు రికార్డు కావాలి, ఏజెంటుకు వాటా కావాలి. వీళ్లలో ఎవరూ పదేళ్ల తర్వాత ఆ గొంతుకు జవాబుదారీ కారు. 59 ఏళ్ల వయసులో టోస్కా పాడగలుగుతున్నారంటే ఆ ‘వద్దు’ల చలవే.

అన్నింటినీ వెనకేసుకు రావడం నా ఉద్దేశం కాదు. 2007లో షికాగో లిరిక్ ఒపెరా ‘లా బొయేమ్’ రిహార్సల్స్ ఎగ్గొట్టి న్యూయార్క్‌లో భర్త రాబర్టో అలాన్యా దగ్గరికి వెళ్తే, వాళ్లు తీసేశారు. తీసేయాల్సిందే. సియోల్ విషయంలోనూ ఒక వాదన ఉంది: టికెట్ కొన్న ప్రేక్షకుడి ఆనందాన్ని కాదనడానికి ఆమె ఎవరు, నాటకం మీద అంత ప్రేముంటే నాటకం మధ్యలోకి తానే ఎందుకు దూరారు అని. రెండో ప్రశ్నలో కొంత న్యాయముంది. కానీ దూరేసరికి అక్కడ నాటకం ఎక్కడుంది? దాన్ని అప్పటికే ఆపేశారు కదా. ఎన్‌కోర్లు (అడిగితే పాట మళ్లీ పాడటాలు) ఉండకూడదని ముందే మాట అనుకున్నామని ఆమె పక్షం చెప్పింది కూడా.

ఈ వన్స్ మోర్ సంగతి తెలుగువాళ్లకు కొత్తగా చెప్పేదేముంది! పద్యనాటకం చూసిన ఊళ్లలో పెరిగినవాళ్లకు అది రక్తంలోనే ఉంటుంది. హరిశ్చంద్రలో కాటిసీను. లోహితాస్యుడు శవంగా పడి ఉంటాడు. పద్యం చివరి రాగం ఎంత దూరం లాగితే అన్ని ఈలలు. ‘వన్స్ మోర్’ అని కేక పడగానే హరిశ్చంద్రుడు కాటికాపరి కర్ర చంకలో పెట్టుకుని జనానికి నమస్కారం చేస్తాడు, హార్మోనిస్టు మళ్లీ శ్రుతి అందుకుంటాడు. ఈలోపు మైకులో ‘ఫలానా వారు నూటపదహార్లు చదివించారు’ అని ప్రకటన. శవం దోమను కూడా తోలుకోకూడదు. అందులో అందం లేదనను, ఉంది. అక్కడ కథ అందరికీ కంఠతా వచ్చు. వచ్చింది పద్యం కోసమే, వేదిక మీదున్న ప్రతివాడికీ ఆ ఒప్పందం తెలుసు.

అయినా దానికి మనం ధర చెల్లించాం. పద్యం నాటకాన్ని తినేసింది. పూర్తి నాటకం పోయి రాయబారం సీను ఒక్కటే, కాటిసీను ఒక్కటే మిగిలాయి. ఒకే రాత్రి ఇద్దరు ముగ్గురు కృష్ణులు పద్యాలు పంచుకునే దాకా వచ్చింది. నటుడు బళ్లారి రాఘవ ఈ రాగాల జోరును వ్యతిరేకిస్తే చాలామందికి మింగుడుపడలేదు. స్త్రీ పాత్రలు స్త్రీలే వేయాలని వాదించిందీ ఆయనే. ఆ రెండు పట్టుదలలూ ఒకే మనిషిలో ఉండటం నాకైతే యాదృచ్ఛికం అనిపించదు. వేదిక మీద మనిషిని పాత్రగా చూడాలంటే ముందు విన్యాసం ఆపాలి.

ఒపెరా ఇప్పుడు అదే దారిలో ఉంది. 1990లో రోమ్‌లో ముగ్గురు టెనార్ల కచేరీ పాటల్ని నాటకాల నుంచి ఊడదీసి స్టేడియాలకు అలవాటు చేసింది. ఈ ‘టోస్కా’ పాటను ఆ రాత్రి డొమింగో పాడారు. 1994లో మెట్‌లో పవరొట్టి ఎన్‌కోర్ ఇచ్చిందీ ఇదే పాటకు. ఆ తర్వాత అక్కడ మళ్లీ ఒక్కరే పాడే పాటకు ఎన్‌కోర్ దక్కించుకున్నది 2008లో హువాన్ డియేగో ఫ్లోరెస్. అందరూ టెనార్లే, గమనించారా? ఇప్పుడు ఫోను కెమెరా వచ్చింది. ముప్పై సెకన్ల పైస్థాయి స్వరం చాలు, మిగతా మూడు గంటలు దండగ. సియోల్ గొడవ కూడా మనకు చేరింది క్లిప్పుగానే. దానికి ముందున్న రెండు అంకాలు ఆమె ఎలా పాడారో చెప్పినవాళ్లు ఎంతమంది?

‘టోస్కా’ పాత్రను మొట్టమొదట, 1900 జనవరి 14న రోమ్‌లో పాడింది కూడా రొమేనియా సొప్రానోనే, హరిక్లియా దార్క్లే. రెండో అంకంలో టోస్కాకు ఒక పెద్ద పాట పడిందంటే ఆవిడ అడగబట్టేనని చెబుతారు. ఆ పాత్రకు ఏం కావాలో నిలదీసి అడగడం రొమేనియా గాయనులు మొదటి రోజు నుంచీ చేస్తున్న పనే.

ఒక్క సంగతి మాత్రం క్షమాపణ కోరినవాళ్లు గమనించాలి. ఆర్కెస్ట్రా తనంతట తాను వెనక్కి వెళ్లదు. ఎన్ని చప్పట్లు పడినా, కండక్టర్ చెయ్యెత్తితేనే పాట రెండోసారి మొదలవుతుంది. కాబట్టి సంజాయిషీ అడిగే వరసలో గియోర్గియు మూడో మనిషి. ముందు కర్ర పట్టుకున్నవారు, తర్వాత ఎన్‌కోర్ ఉంటుందా లేదా అని ప్రోగ్రామ్ పుస్తకంలో ఒక్క వాక్యం అచ్చువేయించలేని నిర్వాహకులు.