శంఖంలో పోస్తేనే తీర్థం

స్వాతంత్ర్య పోరాటం ఎంతసేపు చేయాలి? చరిత్రకారులు ఇన్నేళ్లుగా తేల్చని ఈ లెక్కను ఫ్లోరిడా కొసన సముద్రంలో ఉన్న కీ వెస్ట్ అనే చిన్న దీవి ఊరు 1982లో తేల్చేసింది. ఒక్క నిమిషం చాలు.

ఆ ఏప్రిల్‌లో సరిహద్దు గస్తీవాళ్లు దీవులకు వెళ్లే రోడ్డు మొదట్లో అడ్డం పెట్టి, దొంగచాటుగా ఎవరైనా దేశంలోకి వస్తున్నారేమోనని కార్లు సోదా చేయడం మొదలుపెట్టారు. మైళ్ల కొద్దీ బండ్లు ఆగాయి. టూరిస్టులు తగ్గారు. సరిహద్దు తనిఖీ చేస్తున్నారంటే మనది పరాయి దేశమనేగా అర్థం అని మేయరుగారు తర్కించారు. ఏప్రిల్ 23న 'కాంక్ రిపబ్లిక్' ప్రకటించి, తానే ప్రధానమంత్రి అయి, అమెరికా మీద యుద్ధానికి దిగారు. నేవీ యూనిఫాం తొడుక్కున్న ఒకాయన నెత్తిన ఎండిపోయిన క్యూబన్ రొట్టె విరగ్గొట్టారు. తాజా రొట్టె అయితే విరగదు, పైగా టిఫినుకు పనికొస్తుంది. నిమిషం గడిచాక లొంగిపోయి, పునర్నిర్మాణానికి నూరు కోట్ల డాలర్ల విదేశీ సాయం అడిగారు. సాయం రాలేదు గానీ రోడ్డు మీద అడ్డం పోయింది. జెండాలూ పాస్‌పోర్టులూ మాత్రం నేటికీ అమ్ముడుపోతున్నాయి.

కాంక్ అంటే శంఖం, లోపలి నత్తతో సహా. బహామాస్ నుంచి వలస వచ్చినవాళ్లకు పడిన పేరు అది. వలస వచ్చినవాళ్ల పేరే ఇప్పుడు స్థానికతకు గీటురాయి. ఊళ్లోనే పుడితే ఉప్పునీటి కాంక్. బయట పుట్టి ఏడేళ్లు కాపురముంటే మంచినీటి కాంక్. ఏడేళ్ల లెక్క వినగానే తెలుగు పాఠకుడికి పాత చుట్టం కనబడినట్టుంటుంది. కాకపోతే అక్కడ తహసీల్దారు సంతకం అక్కర్లేదు. ఇక అసలు శంఖుల సంగతి: అవి తగ్గిపోయాయని ఫ్లోరిడా నీళ్లలో పట్టడం ఎప్పుడో నిషేధించారు. హోటళ్లలో వేయించి పెట్టే శంఖుమాంసం బయటి దేశాల నుంచి రావాల్సిందే. మనిషికి ఏడేళ్లు పట్టే స్థానికత నత్తకు నూనె కాగేలోపే వచ్చేస్తుంది.

ఊరి పేరు మాత్రం సొంతమా? స్పెయిన్‌వాళ్లు పెట్టింది కాయో హుయేసో, అంటే ఎముకల దీవి. ఇంగ్లీషువాళ్ల చెవిలో పడి అది కీ వెస్ట్ అయింది. ఆ ఎముకలు మూలవాసులవని చెబుతారు. ఎముకలే మిగిలాయి గనక, వాళ్ల స్థానికతకు ఎవరూ అభ్యంతరం చెప్పలేదు.

తర్వాతి ఘట్టం మన రిజిస్ట్రేషన్ ఆఫీసులకు పాఠ్యాంశం కాదగ్గది. 1815లో స్పెయిన్ ప్రభుత్వం నుంచి దీవిని పొందిన హువాన్ పాబ్లో సాలాస్, ఫ్లోరిడా అమెరికా చేతికి వచ్చాక దాన్ని ఇద్దరికి అమ్మాడు. ఒకసారి ఒక చిన్న తెరచాప పడవకు, ఇంకోసారి హవానాలో కూర్చుని జాన్ సైమన్టన్ అనే అమెరికన్ వ్యాపారికి 2,000 డాలర్ల విలువకు. చివరికి వాషింగ్టన్‌లో పలుకుబడి ఉన్న సైమన్టనే నెగ్గాడు. ప్రజాస్వామ్యం అప్పటికే పరిపక్వ దశలో ఉందన్నమాట.

తర్వాత ఊరి కడుపు నిండింది ఓడలు పగిలినప్పుడు. చుట్టూ పగడపు దిబ్బలు. ఓడ దిబ్బెక్కిందన్న కేక వినబడితే చాలు, పడవలన్నీ పరుగో పరుగు. ముందు చేరిన పడవ కెప్టెనే పెత్తందారు. మనుషుల్నీ సరుకునూ కాపాడితే కోర్టు వాటా తేల్చేది. అందుకోసం 1828లో కోర్టే ఊరికి వచ్చింది. అలా పరాయివాళ్ల ప్రమాదాల మీద ఫ్లోరిడాలోనే తలసరి సంపన్నమైన ఊరుగా పేరు పడింది. దీపస్తంభాలు పెరిగేకొద్దీ ఈ ఉపాధికి ఎంత దెబ్బ తగిలిందో ఎవరూ ఆలోచించరు.

1861లో ఫ్లోరిడా అంతా అమెరికా నుంచి విడిపోతే, అమెరికా సైన్యం కోటలో కూర్చుంది గనక ఈ ఊరు అమెరికాలోనే ఉండిపోయింది. ఊరందరిదీ ఒక దారైతే ఉలిపికట్టెది ఒక దారి. విడిపోవాల్సినప్పుడు కదలని ఊరు 121 ఏళ్ల తర్వాత విడిపోయి, 'ఇతరులు విఫలమైన చోట మేం విడిపోయాం' అని నినాదం రాసుకుంది. మధ్యలో క్యూబన్ల చుట్టల పరిశ్రమ వచ్చింది, పోయింది. 1934లో ఊరు దివాలా తీసింది. మరుసటి ఏడాది తుపాను సముద్రం మీది రైలుమార్గాన్ని ఎత్తుకుపోయింది.

రిపబ్లిక్ విస్తరణ కాంక్ష కూడా తక్కువేం కాదు. అమెరికా నేల తొక్కిన క్యూబన్లను ఉండనిచ్చే రోజుల్లో, 2006లో, కొందరు క్యూబన్లు ఈ దీవుల మధ్య వాడకం మానేసిన పాత ఏడుమైళ్ల వంతెన స్తంభం ఎక్కితే, అది నేలకు అతకని ముక్క గనక అమెరికా గడ్డ కాదని అధికారులు వాళ్లను తిప్పిపంపారు. 'వంతెన మీది కాకపోతే మాదే' అని రిపబ్లిక్ వెంటనే ఆక్రమించుకుంది. ఆ వాదనలో తప్పు వెతికాను. దొరకలేదు.

దీవి దక్షిణపు అంచున రంగులేసిన పెద్ద కాంక్రీటు దిమ్మె ఒకటి ఉంటుంది. క్యూబాకు 90 మైళ్లు, ఇదే దక్షిణపు కొస అని దానిమీద రాతలు. అంతకుముందు పెట్టిన బోర్డులు దొంగలెత్తుకుపోతుంటే, 1983లో ఎవరూ మోయలేనిది పెట్టారు. దానితో ఫొటో దిగడానికి జనం ఎండలో వరసకడతారు. నిజానికి దీవికి అసలు దక్షిణపు కొస ఆ పక్కనే, నేవీ కంచె లోపల ఉంది. పౌరులకు ప్రవేశం లేదు. ఊరి వీధుల్లో యజమాని లేకుండా, ఎవరికీ ఏ సర్టిఫికెట్టూ చూపకుండా తిరిగే కోళ్లకు మాత్రం ఏ కంచే అడ్డం కాదు.