మా ఆవిడ ఉద్యోగ ప్రయత్నాలకు నా సంపూర్ణ మద్దతు

ఈ మధ్య ఎవరిని కదిపినా ఒకటే గోల. మొగుడి ఉద్యోగం పోతే ఇల్లంతా ఒంటికాలి మీద నిలబడుతుందట, అదే పెళ్ళాం ఉద్యోగం వెతుక్కుంటుంటే పలకరించే దిక్కు కూడా ఉండదట. ఇది భర్తల మీద జరుగుతున్న దుష్ప్రచారం. ఉద్యోగం పోగొట్టుకున్నవాడిగా, ఉద్యోగం వెతుక్కుంటున్న ఆవిడకి మొగుడిగా రెండు వైపులా అనుభవం ఉన్న మనిషిని కాబట్టి, నిజానిజాలు చెప్పాల్సిన బాధ్యత నా మీద పడింది.

ముందు నా సంగతి. కంపెనీ పేరు ఎందుకు లెండి, ఓ శుక్రవారం మధ్యాహ్నం పిలిచి 'రీస్ట్రక్చరింగ్' అన్నారు, సాయంత్రానికల్లా లాప్‌టాప్ లాక్ అయిపోయింది. ఇందులో నా తప్పేమీ లేదు, ఇది గమనించాలి. 2023 జనవరిలో గూగుల్ 12 వేల మందిని, మైక్రోసాఫ్ట్ 10 వేల మందిని తీసేస్తున్నామన్నాయి, 2025లో టీసీఎస్ కూడా 12 వేల పైచిలుకు మందిని తగ్గిస్తానంది. ఈ అంకెలన్నీ మా అమ్మకి కంఠతా వచ్చు. ఇంటికి ఎవరొచ్చినా కాఫీ ఇవ్వకముందే అప్పజెప్పేసేది. మగాడి ఉద్యోగం పోవడానికి ప్రపంచ ఆర్థిక పరిస్థితి కారణం, అది పెద్దవాళ్ళకి తెలుసు.

ఆ నెలల్లో నా ఇంటర్వ్యూ ఉందంటే ఇంట్లో కర్ఫ్యూ. కుక్కర్ పెట్టరు, మిక్సీ ముట్టరు, పాపని పక్క ఫ్లాట్‌కి పంపించేస్తారు, చెత్త బండి పాట లోపలికి రాకుండా బాల్కనీ తలుపు బిడాయిస్తారు. నేను పైన ఇస్త్రీ చొక్కా, కింద లుంగీతో డైనింగ్ టేబుల్ దగ్గర కూర్చుంటే, అమ్మ హాల్లో సోఫా అంచున కూర్చుని చప్పుడు బయటికి రాకుండా పెదాలు మాత్రమే కదుపుతూ హనుమాన్ చాలీసా చదివేది. అయ్యాక ఎలా జరిగిందని ఎవరూ అడిగేవారు కాదు. నా మొహం చూసి పప్పులో నెయ్యి ఎంత వేయాలో వాళ్ళే నిర్ణయించుకునేవారు.

ఈఎమ్ఐల సంగతంటారా, అది మా ఆవిడ గాజులు చూసుకున్నాయి. బ్యాంకులో పెట్టి వచ్చింది, నేను అడగలేదు కూడా. మా బావ వాళ్ళతో హోటల్‌కి వెళ్ళే ముందు నా ఫోన్‌పేలోకి ఓ మూడు వేలు వేసి ఉంచేది, బిల్లు రాగానే స్కాన్ చేసేది నేనే కావాలని. పొద్దున్నే నౌక్రీ అనే ఉద్యోగాల సైట్‌లో నా ప్రొఫైల్లో ఓ కామా తీసి, మర్నాడు మళ్ళీ అదే కామా పెట్టి సేవ్ చేస్తే రిక్రూటర్లకి పైన కనిపిస్తామని ఎవరో చెబితే ఆ కామా డ్యూటీ కూడా ఆవిడదే. నాకు అప్పుడు మనసు బాగుండేది కాదు కదా.

చిలుకూరు బాలాజీకి మొక్కింది మాత్రం అమ్మ. అక్కడ పద్ధతి తెలిసిందే, 11 ప్రదక్షిణలు చేసి కోరిక చెప్పుకోవాలి, తీరాక వచ్చి 108 చేయాలి. 11 అమ్మ చేసింది. 108 దగ్గరికొచ్చేసరికి అమ్మకి మోకాళ్ళ నొప్పులు, నాకేమో కొత్త కంపెనీలో ఇండక్షన్, అందుకని ఎండలో కార్డు మీద గళ్ళు కొట్టుకుంటూ మా ఆవిడ తిరిగింది. మొక్కు తీరిందా లేదా అన్నదే ముఖ్యం.

ఇప్పుడు ఆవిడ సంగతికొద్దాం. సాఫ్ట్‌వేర్ టెస్టింగ్‌లో మంచి అనుభవమే ఉంది. పాప పుట్టాక మానేసింది. 2017లో ప్రసూతి సెలవుని 12 వారాల నుంచి 26 వారాలకి పెంచారు, 50 మంది, ఆపైన పనిచేసే చోట పిల్లల్ని చూసుకునే క్రెష్ ఉండాలని కూడా రాశారు, చట్టాన్ని తప్పుపట్టడానికి లేదు. ఆవిడ ఆఫీసులో ఆ గదిలో పాత ప్రింటర్లు ఉండేవి, అంతే. మరి 27వ వారం పాపని ఎవరు చూసుకోవాలని ఇంట్లో కూర్చుని చర్చించాం. అందరూ మాట్లాడారు, ఆవిడ మానేసింది.

అందుకే ఇప్పుడు ప్రతి హెచ్ఆర్ అమ్మాయీ 'గ్యాప్ ఎందుకొచ్చింది మేడమ్?' అని అడుగుతోంది. నాకూ గ్యాప్ వచ్చింది. కానీ నా గ్యాప్‌కి మార్కెట్ కారణం, ఆవిడ గ్యాప్‌కి ఆవిడే కారణం. ఒకావిడైతే 'ఇంకో బేబీ ప్లాన్ ఏమైనా ఉందా?' అని కూడా అడిగిందట. నన్ను అలా ఎవరూ అడగలేదు, పాప నాది కూడా అని రెజ్యూమెలో రాయకపోవడం వల్ల కావచ్చు.

మళ్ళీ ఉద్యోగం చేస్తానని ఆవిడ అన్న రోజే నేను నా వైఖరి స్పష్టంగా చెప్పేశాను. 'నీ ఇష్టం' అన్నాను. ఈ రెండు మాటల్లో ఎంత స్వేచ్ఛ ఉందో పెళ్ళయినవాళ్ళకి చెప్పక్కర్లేదు. 'ఇప్పుడు అంత అవసరం ఏమొచ్చింది?' అని అమ్మ అడిగింది, అది ప్రేమతో. గాజులు విడిపించుకోవాలని ఆవిడ అంది. ఆ మాటకి ఇంట్లో కాసేపు టీవీ సౌండ్ పెంచాల్సి వచ్చింది.

రెజ్యూమె నేనే చూసి పెడతానన్నాను కూడా. పంపింది. నా మెయిల్‌లో భద్రంగా ఉంది. రిఫరల్ అడిగింది, కొత్తగా చేరిన చోట వెంటనే పెళ్ళాం పేరు పెడితే బాగుండదు కదా, కన్ఫర్మ్ అవనీ అన్నాను. కన్ఫర్మ్ అయ్యాక అప్రైజల్ అవనీ అన్నాను. మద్దతు ఇవ్వడంలో కూడా ఒక సమయం, సందర్భం ఉండాలి.

ఆవిడ మొదటి ఇంటర్వ్యూ బెడ్‌రూంలో జరిగింది. డైనింగ్ టేబుల్ మీద నా లాప్‌టాప్ ఉంది మరి. ఇస్త్రీకి వేయాల్సిన గుట్ట కెమెరాలో కనిపించకుండా మంచం అవతలికి నెట్టుకుని, బ్యాక్‌గ్రౌండ్ బ్లర్ పెట్టుకుని కూర్చుంది. సరిగ్గా ఆటోమేషన్ గురించి ఏదో చెబుతుండగా గ్యాస్ బండ వచ్చింది. కుర్రాడు ఓటీపీ చెప్పమంటాడు, కనెక్షన్‌కి ఉన్నది ఆవిడ నంబరు. నేను మర్యాద తెలిసిన మనిషిని కాబట్టి తలుపు సగమే తీసి, 'ఏమోయ్, ఆ ఓటీపీ ఏదో చెప్పు' అని చాలా మెల్లగా అన్నాను. నాలుగంకెలు చెప్పింది. ఆ వెనకే అమ్మ వెళ్ళి, అయ్యాక పెరుగు తోడు పెట్టడం మర్చిపోవద్దని గుర్తు చేసింది, ఆ వెనక పాప. ఇంతమంది ఇలా వెంట ఉండగా ఆవిడ ఒంటరి పోరాటం చేస్తోందని ఎలా అంటారు? ఆ ఉద్యోగం రాలేదనుకోండి. కమ్యూనికేషన్‌లో ఫోకస్ తగ్గిందన్నారట.

జనం సమయం ఎలా గడుపుతున్నారని కేంద్రం వాళ్ళు ఓ సర్వే చేస్తారు. 2024 సర్వేలో, ఇంటి పని చేసేవాళ్ళలో ఆడవాళ్ళు రోజుకి 289 నిమిషాలు, మగవాళ్ళు 88 నిమిషాలు దానికి వెచ్చిస్తున్నారని తేలింది. ఆ 88 చూసి నాకు కళ్ళు తిరిగాయి. ఎవరయ్యా ఆ మగవాళ్ళు? మా అపార్ట్‌మెంట్‌లో విచారించాను. లిఫ్ట్ దగ్గర చెత్త బుట్ట పట్టుకుని ఒకాయన దొరికాడు, మిగతా నిమిషాల గురించి అడిగితే ఆయనకీ ఏమీ తెలియదన్నాడు.

ఇదంతా ఇక్కడి వెనకబాటు అనుకునేవాళ్ళు డాలస్‌లో ఉన్న మా పెదనాన్న కొడుకు కేసు చూడాలి. అమెరికాలో హెచ్-1బీ ఉద్యోగ వీసా ఉన్న మొగుళ్ళ వెంట హెచ్-4 వీసా మీద వెళ్ళిన భార్యలు 2015 దాకా అసలు ఉద్యోగమే చేయడానికి లేదు, భర్తలకి ఈ మద్దతు టెన్షన్ లేకుండా అక్కడి ప్రభుత్వమే చూసుకుంది. తర్వాత, మొగుడి గ్రీన్‌కార్డు ఓ దశ దాటితే పర్మిట్ ఇస్తామన్నారు. మా వదిన ఆ పర్మిట్ మీద బ్రహ్మాండంగా ఉద్యోగం చేసుకుంటోంది. ఇంతలో అన్నయ్య హెచ్-1బీ ఉద్యోగం పోయింది. మహా అయితే 60 రోజులు గడువు, ఈలోగా ఆయనకి ఉద్యోగం దొరక్కపోతే ఆయనతో పాటు ఆవిడ వీసా, పర్మిట్ అన్నీ ఊడతాయి. అంటే ఆవిడ ఉద్యోగం నిలబడాలంటే ఆయనకి ఉద్యోగం ఉండాలి. దాంతో వదిన పగలు తన ఉద్యోగం, రాత్రి ఆయన అప్లికేషన్లు చేసింది. ఆయనకి వచ్చింది. అన్నయ్య పట్టుదల చూసి మా ఊళ్ళో అందరూ మెచ్చుకున్నారు.

మా ఆవిడకి కూడా మొన్న ఆఫర్ వచ్చింది. నేను అన్ని విధాలా సంతోషించాను. వారానికి మూడు రోజులు గచ్చిబౌలి ఆఫీసుకి వెళ్ళాలట, క్యాబ్ ఇస్తారా అని అడిగాను, పాప స్కూలు బస్సు వచ్చేసరికి ఎవరుంటారని అడిగాను, టాక్స్ పోను చేతికెంతొస్తుందని అడిగాను. ఇన్ని ప్రశ్నలు వాళ్ళ హెచ్ఆర్ కూడా అడిగి ఉండదు. పక్క గదిలోంచి అమ్మ మా అక్కతో ఫోన్లో అంటోంది, 'వాడే చేయిస్తున్నాడే, వాడిది మెత్తటి మనసు, ఈ రోజుల్లో ఎవరు పంపిస్తారు' అని. మా ఆవిడ విని ఏమీ అనలేదు, ఆఫర్ లెటర్ మీద సంతకం పెట్టి స్కాన్ చేసుకుంటోంది.

సోమవారం జాయినింగ్. ఆ ఒక్క రోజు నేను సెలవు పెట్టి పాపని చూసుకోవాలట. ఇది వినడానికి చిన్న కోరికలాగే ఉంటుంది, కానీ నేనున్నది కొత్త కంపెనీ, మా మేనేజర్ ఏమనుకుంటాడో, ఇంటి పనులకి సెలవులు పెడుతున్నాడని రాసుకుంటే రేపు అప్రైజల్ ఏం కావాలి? అందుకే సూటిగా కాదనకుండా, ఆదివారం రాత్రి చెబుతానన్నాను.