మహారాజశ్రీ హ్యాండిల్‌బారు గారి దివ్యసముఖానికి

మహారాజశ్రీ మౌంటెన్ బైకు హ్యాండిల్‌బారు గారికి, తమరి మీద రెండు చేతులూ ఆనించి బతుకుతున్న బెజవాడ వాస్తవ్యుడు నమస్కరించి వ్రాయునది. ఉభయకుశలోపరి అని మొదలుపెట్టడం మర్యాదే గానీ, మనిద్దరిలో కుశలంగా ఉన్నది తమరొక్కరే.

ఈ రోజు తమరి దయవల్ల బందరు రోడ్డులోని ఒక బ్యాంకులో నా సంతకం కలవలేదు. కౌంటరులోని అమ్మాయి ఫారం వెనక్కి ఇచ్చింది. మళ్లీ చేశాను. ఈసారి అది నా మొదటి సంతకంతో కూడా కలవలేదు. సైకిలు మీద వచ్చానమ్మా, చిటికెన వేలూ ఉంగరపు వేలూ మొద్దుబారిపోయాయి అని విన్నవించుకుంటే, వెనక నిలబడ్డ పెద్దాయన జాలిపడి, "ఒకసారి సుగరు చూపించుకోండి" అన్నారు. మధ్యాహ్నమంతా పోయింది, డబ్బు చేతికి రాలేదు. నాకు సుగరు లేదండీ. ఉన్నదల్లా తమరే.

అరచేతిలో చిటికెన వేలి వైపు, మణికట్టుకు ఆనుకొని ఒక సన్నని దారి ఉంటుంది. అల్నార్ నరం అందులోంచే చిటికెన వేలికీ, ఉంగరపు వేలిలో సగానికీ వెళుతుంది. శరీరంలో ఇంత చోటుండగా తమరు సరిగ్గా దాని మీదే పీట వేసుకున్నారు. వైద్యులు దీనికి సైక్లిస్ట్ పాల్సీ అని పేరు కూడా పెట్టారు. తమరి కీర్తి వైద్యశాస్త్రం దాకా పాకిందని తెలిసి గర్వపడుతున్నాను.

తమరిని అమ్మిన దుకాణంవారు "సార్, హాయిగా ఉంటుంది, కొండలైనా ఎక్కేస్తుంది" అని ప్రమాణం చేశారు. ఏ కొండ? ఇంద్రకీలాద్రికి మెట్లున్నాయి, ఘాట్ రోడ్డుంది, బస్సుంది. మొగల్రాజపురం కొండ మీదికి మనకన్నా ముందే ఇళ్లు ఎక్కేశాయి. నేను ఎక్కవలసింది బెంజి సర్కిలు దగ్గర ట్రాఫిక్కును. వేళ్ల సంగతి చెప్పుకుందామని వెళితే జెల్ గ్లవ్స్ కొనుక్కోమన్నారు. రోగం అమ్మిన చోటే మందు కూడా దొరుకుతుంది, ఎంత సౌకర్యం!

నా బాధంతా మీరు తిన్నగా ఉండటం గురించే. నమ్మకపోతే ఎవరినైనా రెండు పిడికిళ్లలో రెండు పెన్సిళ్లు పట్టుకొని, కళ్లు మూసుకొని, మోచేతులు వదులుగా వదిలేసి చేతులు ముందుకు చాచమనండి. కళ్లు తెరిచి చూస్తే పెన్సిళ్లు ఒకే గీతలో ఉండవు. బయటి కొసలు రెండూ మన వైపుకు తిరిగి ఉంటాయి. దేవుడు ఇచ్చిన మణికట్టు అది. మీ వంశంలో మామూలుగా వెనక్కి ఉండే వంపు 5 నుంచి 9 డిగ్రీలు. మహా అయితే గడియారంలో నిమిషాల ముల్లు నిమిషంన్నరలో తిరిగేది అంత. ఆ కాస్తకే మీరు వంగారని మేము సంతోషించాలి, మిగిలిన వంపంతా మా మణికట్టు వంగి తీర్చాలి. అదీ ఒకే ఒక్క భంగిమలో. 1223 మీటర్ల ప్రకాశం బ్యారేజీ ఆ చివర నుంచి ఈ చివర దాకా, చెయ్యి కాస్త మార్చుకుందామంటే పక్కన చోటుండదు. అదే రేసు సైకిలు కొమ్ముల్లాంటి హ్యాండిలుకైతే చేతులు పెట్టుకోవడానికి మూడు చోట్లున్నాయి.

మా నాన్నగారి నల్ల సైకిలు హ్యాండిలు చూశావా ఎప్పుడైనా? రెండు చేతులూ మనిషి దగ్గరికి వస్తాయి, రండి కూర్చోండి అన్నట్టు. చెరో వైపు పాలక్యాను తగిలించుకొని, వెనక మనిషిని ఎక్కించుకొని మంగళగిరి దాకా వెళ్లొచ్చేవారు. ఆయన సంతకం ఏ బ్యాంకులోనూ తిరిగి రాలేదు.

నీకేమో ఈ తిన్నదనం పౌరుషం! 1976లో కాలిఫోర్నియాలోని మారిన్ కౌంటీలో కొందరు కుర్రాళ్లు పాత సైకిళ్లు బాగుచేసుకొని కొండ మీంచి పందాలు దిగారు చూడు, నీ వంశం అక్కడిదే. ఆ ముత్తాతల హ్యాండిళ్లు కూడా కాస్త పైకి లేచి, వెనక్కి వంగే ఉండేవి. మధ్యలో ఎవరో నిన్ను కర్రలా సాగదీశారు. ఇప్పుడు 780 మిల్లీమీటర్లు ఉన్నావు. ఆటో వెడల్పులో సగానికి మించి! వన్‌టౌన్ సందుల్లో నువ్వు వెళుతుంటే ఎదుటి స్కూటరు ఆగిపోతోంది. మా అపార్ట్‌మెంటు లిఫ్టులోకి ముందు చక్రం పైకెత్తి, నిన్ను పక్కకు తిప్పితే గానీ దూరవు. గంట బిగించుకునే చోటు లేదు. సీటు గురించి ఇక్కడ రాయను, దానికి విడిగా ఇంకో ఉత్తరం సిద్ధం చేస్తున్నాను.

నిజం చెప్పాలి కదా, కొండపల్లి అడవిలో రాళ్ల దారిన దిగుతున్నప్పుడు నిన్ను తిట్టబుద్ధి కాలేదు. అక్కడ పెడళ్ల మీద లేచి నిలబడతాం, బరువంతా కాళ్ల మీదికి పోతుంది, మోచేతులు వాటంతటవే బయటికి విచ్చుకుంటాయి. అప్పుడు మణికట్టు తిన్నబడి నీతో సరిపోతుంది. రాయి తగిలి చక్రం పక్కకు తిరగబోతే నీ వెడల్పే పట్టి ఆపుతుంది. అక్కడ నువ్వు మగాడివి. కానీ నాయనా, గవర్నర్‌పేటలో ఏ మనిషి లేచి నిలబడి తొక్కుతాడు? సీటు మీద కూర్చోగానే మోచేతులు కిందికి జారుతాయి, బరువు అరచేతుల మీద పడుతుంది, వేళ్లు చచ్చిపోతాయి. నిలబడ్డవాడి కోసం చేసిన దాన్ని కూర్చున్నవాడికి అంటగట్టారు. దీన్ని మోసం అనకపోతే ఇంకేమనాలి?

వెనక్కి బాగా వంగిన హ్యాండిళ్లు మౌంటెన్ బైకులకు లేక కాదు. అమెరికాలో జెఫ్ జోన్స్ అనే ఆయన 45 డిగ్రీల వంపుతో చేస్తున్నాడు. మన దుకాణంలో అడిగితే "అవి ముసలివాళ్ల బళ్లకు సార్" అన్నారు. సరే, నేను ముసలివాణ్నే. సత్యనారాయణపురంలో మెకానిక్ దగ్గరికి వెళ్లి నాన్నగారి సైకిలు లాంటి హ్యాండిలు బిగించమన్నాను. సైకిలుకు బిగించే చోట దాని నడుము మందం 25.4 మిల్లీమీటర్లు, నీది 31.8. పట్టదని ఇన్నాళ్లూ ధైర్యంగా ఉన్నావు. మధ్యలో వేసే అల్యూమినియం రింగు దొరుకుతుందట. రేపు తెస్తానన్నాడు.

కంగారు పడకు, నిన్ను పాత ఇనుము వాడికి వెయ్యను. డాబా మీద బట్టలు ఆరేసుకోవడానికి తిన్నని కడ్డీ కావాలని మా ఆవిడ ఎప్పటి నుంచో అడుగుతోంది. టేపు పెట్టి కొలిచింది కూడా. రెండు తువ్వాళ్లు పడతాయట.