కారు ఒకటే, లైఫ్ ట్యాక్స్ మాత్రం రెండుసార్లు

విశాఖ స్టీల్ ప్లాంట్ ప్రహరీ దాటి బయటికి రాని లారీలకు రోడ్డు పన్ను ఎందుకు కట్టాలి? ఈ ఒక్క ప్రశ్న పట్టుకుని ఒక లాజిస్టిక్స్ సంస్థ సుప్రీంకోర్టు దాకా వెళ్లి, 2025 ఆగస్టులో గెలిచింది. 36 వాహనాలు, కట్టిన సొమ్ము 22,71,700 రూపాయలు. ఆంధ్రప్రదేశ్ మోటారు వాహనాల పన్నుల చట్టం, 1963 ప్రకారం బహిరంగ స్థలంలో వాడే బండికో, అలా వాడటానికి ఉంచుకున్న బండికో మాత్రమే పన్ను పడుతుందని, గేటు లోపలే తిరిగేదానికి పడదని కోర్టు తేల్చింది. రోడ్లు వాడుకున్నందుకు కట్టేదే ఈ పన్ను అని కూడా స్పష్టం చేసింది.

వార్తల్లో ఇది లారీల గొడవగానే వచ్చి పోయింది. నాకు మాత్రం ఇందులో మన ఇంటి ముందున్న కారు కనపడుతోంది. రోడ్డు వాడినందుకే పన్ను అయితే, హైదరాబాద్‌లో కారు కొని పదిహేనేళ్ల రోడ్డు పన్నును లైఫ్ ట్యాక్స్ పేరుతో మొత్తం ఒకేసారి కట్టేసి, నాలుగో ఏడు ఉద్యోగం మారి బెంగళూరు వెళ్లినవాడి సంగతేంటి? మిగతా ఏళ్లకు అతను తొక్కని రోడ్ల డబ్బు తెలంగాణ దగ్గరే ఉంటుంది. కర్ణాటక మళ్లీ కట్టమంటుంది. ఇదేమీ చిల్లర వ్యవహారం కాదు. 2022లో తెలంగాణ పెంచిన రేట్ల ప్రకారం చూసినా 12 లక్షల కారుకు 17 శాతం, అంటే రెండు లక్షల పైమాటే.

రీఫండ్ ఉంది కదా అంటారు. ఉంది, కాగితం మీద. ముందు పాత ఆర్టీఓ ఆఫీసు నుంచి ఎన్ఓసీ, అంటే అభ్యంతరం లేదనే పత్రం తేవాలి. అప్పు ఉంటే బ్యాంకు నుంచి ఇంకో ఎన్ఓసీ. ఛాసిస్ నెంబరు మీద కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్ది ముద్ర తియ్యాలి. కొత్త రాష్ట్రంలో మళ్లీ పన్ను కట్టి, కొత్త నెంబరు తెచ్చుకుని, ఆ రుజువులన్నీ పట్టుకుని పాత రాష్ట్రానికి దరఖాస్తు పెట్టాలి. ఇదంతా ఉద్యోగానికి సెలవు పెట్టి చెయ్యాలి, లేదా ఏజెంటు చేతిలో డబ్బు పొయ్యాలి. చాలామంది రీఫండ్ మీద ఆశ వదులుకుంటారు. ఇంకొంతమంది అసలు నెంబరే మార్చుకోకుండా, చౌరస్తాలో పోలీసు కనపడితే టెన్షన్ పడుతూ తిరుగుతారు. కొత్త రాష్ట్రంలో నెంబరు మార్చుకోవడానికి కేంద్ర మోటారు వాహనాల చట్టం ఇచ్చిన 12 నెలల గడువును కూడా రాష్ట్రాలు ఓర్చుకోలేకపోయాయి. బయటి బండి 30 రోజులు దాటి ఉంటే లైఫ్ ట్యాక్స్ కట్టాల్సిందేనని 2014లో కర్ణాటక చట్టాన్ని సవరిస్తే, 2016లో అక్కడి హైకోర్టే దాన్ని కొట్టేసింది.

కేంద్రం 2021లో బీహెచ్ (భారత్) సిరీస్ నెంబర్లు తెచ్చింది. రెండేళ్లకోసారి పన్ను, ఏ రాష్ట్రానికి వెళ్లినా అదే నెంబరు. పద్ధతి బంగారం. ఎవరికిచ్చారో చూడండి: సైనికులకు, ప్రభుత్వ ఉద్యోగులకు, నాలుగు లేదా అంతకంటే ఎక్కువ రాష్ట్రాల్లో ఆఫీసులున్న ప్రైవేటు కంపెనీల వాళ్లకు. బదిలీ అయితే సామాన్ల ఖర్చు కూడా కంపెనీ భరించేవాళ్లకు ఈ వెసులుబాటు దొరికింది. సొంత క్లినిక్ మూసుకుని చెన్నై వెళ్లే డాక్టరుకు, పని వెతుక్కుంటూ పుణె చేరే సెంట్రింగ్ మేస్త్రికి లేదు. ఇంతకంటే తలకిందుల న్యాయం ఉంటుందా?

పన్ను ఎగవేతను ఆపడానికే ఇదంతా అనే రాష్ట్రాల వాదనలో కొంత నిజం లేకపోలేదు. తక్కువ పన్ను ఉన్న చోట రిజిస్ట్రేషన్ చేయించి ఇక్కడ తిప్పుకునే వాళ్లున్నారు. పుదుచ్చేరి నెంబర్ల ఖరీదైన కార్లు మనం చూస్తూనే ఉన్నాం. 2025 అక్టోబరులో కర్నూలు దగ్గర తగలబడిన ప్రైవేటు బస్సు తొలి రిజిస్ట్రేషన్ కూడా డామన్ డయ్యూలోదే. వాళ్లను పట్టుకోండి, ఎవరు వద్దన్నారు? ఆ వంక చూపించి ఉద్యోగం కోసం ఊరు మారినవాణ్ని దొంగ వరసలో నిలబెట్టడం ఏం పద్ధతి?

అసలు రోగం వేరే ఉంది. లైఫ్ ట్యాక్స్ అంటే పదిహేనేళ్ల పన్నును ప్రభుత్వం ముందే తీసుకోవడం. అందులో ఒక్క పైసా వచ్చే ఏళ్ల రోడ్ల కోసం పక్కన పెట్టరు, వచ్చిన ఏడే జీతాలకో పథకాలకో ఖర్చయిపోతుంది. పదేళ్ల తర్వాత వచ్చే ప్రభుత్వం గుంతలు పూడ్చాలంటే ఆ బండి తాలూకు ఆదాయం ఎప్పుడో కరిగిపోయి ఉంటుంది. అందుకే పెట్రోలు మీద సెస్సు, టోలు, కొత్త బళ్లకు పెంచిన రేటు. భూములు అమ్మి, మద్యం ఆదాయం మీద ముందే అప్పు తెచ్చి బండి లాగించే రాష్ట్రాలకు ఇది అలవాటైన ఆటే. రీఫండ్ ఇవ్వడానికి చేతులు రాకపోవడానికి కారణం కూడా ఇదే. తీసుకున్న డబ్బు ఖజానాలో ఉంటే కదా ఇవ్వడానికి!

దారి లేదా అంటే, కళ్లెదుటే ఉంది. గుంటూరు మిర్చి వ్యాపారి హైదరాబాద్‌కు సరుకు పంపితే ఐజీఎస్టీ (రాష్ట్రాల మధ్య అమ్మకాల మీద వేసే జీఎస్టీ) కింద తెలంగాణ వాటా ప్రభుత్వాల మధ్యే సర్దుబాటు అవుతుంది. ఆ వ్యాపారి విజయవాడలో రీఫండ్ తీసుకుని హైదరాబాద్‌లో మళ్లీ కట్టే పని లేదు. మిర్చి బస్తాకు ఇచ్చిన మర్యాద మనిషి కారుకు ఎందుకివ్వరు? వాహనాల మీద పన్ను రాష్ట్రాల హక్కే, కాదనను. కానీ ఆ పన్నుకు సూత్రాలు పెట్టే అధికారం రాజ్యాంగంలోని ఉమ్మడి జాబితా 35వ అంశం కింద పార్లమెంటుకూ ఉంది. దేశవ్యాప్త వాహనాల రికార్డు అయిన వాహన్ డేటాబేస్‌లో ఏ బండి ఎక్కడ పన్ను కట్టిందో నమోదై ఉంటుంది. ఏళ్ల తరబడి అందులో చేరకుండా పక్కన కూర్చున్న రాష్ట్రం మన తెలంగాణే. ముందు అందరికీ బీహెచ్ తరహాలో రెండేళ్ల పన్ను పెట్టండి. ఇప్పటికే లైఫ్ ట్యాక్స్ కట్టినవాళ్ల మిగులును రాష్ట్రాలే ఒకదానికొకటి బదిలీ చేసుకోవాలి.