పిల్లల చేతికి తాళాలు ఇద్దాం

ప్రవాసంలో ఉన్న మన తెలుగు సంఘం యువజన కమిటీ గురించి మాట వచ్చినప్పుడల్లా నాకు టీన్ టైటాన్స్ అనే కుర్ర సూపర్‌హీరోల జట్టు తొలి కథ గుర్తొస్తుంది. 1964లో డీసీ కామిక్స్ అనే అమెరికన్ బొమ్మల కథల కంపెనీ వేసిన కథ అది. హాటన్ కార్నర్స్ అనే ఊళ్ళో కుర్రకారుకీ పెద్దలకీ తగవు. మాకంటూ ఒక క్లబ్‌హౌస్ కావాలని పిల్లలు, కుదరదని పెద్దలు. తగవు తీర్చడానికి బ్యాట్‌మన్ శిష్యుడు రాబిన్, ఫ్లాష్ శిష్యుడు కిడ్ ఫ్లాష్, ఆక్వామన్ శిష్యుడు ఆక్వాలాడ్ వచ్చారు. మిస్టర్ ట్విస్టర్ అనే విలన్ వచ్చి పడ్డాక కథ ఫైటింగుల్లోకి మళ్ళింది గానీ, మొదలైంది మాత్రం పిల్లలకి ఒక చోటు కావాలన్న దగ్గరే. మరుసటి ఏడాది వండర్ గర్ల్ కూడా చేరాక ఆ జట్టుకి టీన్ టైటాన్స్ అని పేరు పెట్టారు.

అప్పటిదాకా వాళ్ళు ఎవరో ఒక పెద్ద హీరో పక్కన నిలబడే సహాయకులే. మన కార్యక్రమాల్లో మన పిల్లల స్థానమూ అదే. ఉగాదికి కుర్చీలు వేసేది వాళ్ళు, పార్కింగ్ దగ్గర చలిలో నిలబడేది వాళ్ళు, రిజిస్ట్రేషన్ టేబుల్ చూసుకునేది వాళ్ళు. స్టేజీ మీద ఏం జరగాలో, డబ్బు దేనికి ఖర్చు పెట్టాలో తేల్చేది మనం. ఆ తర్వాత పిల్లలు రావడం లేదని బాధపడేదీ మనమే. ఇది మారాలి.

1980లో రచయిత మార్వ్ వుల్ఫ్‌మన్, చిత్రకారుడు జార్జ్ పెరెజ్ ఈ జట్టుకి కొత్త ప్రాణం పోశారు. సైబోర్గ్, స్టార్‌ఫైర్, రేవెన్ అప్పుడు పుట్టినవాళ్ళే. 2003 నుంచి 2006 దాకా కార్టూన్ నెట్‌వర్క్‌లో వచ్చిన సిరీస్‌కి కూడా వీళ్ళే బలం. అది చూస్తూ ఇక్కడ పెరిగినవాళ్ళలో కొందరు ఇప్పుడు తల్లిదండ్రులయ్యారు, వాళ్ళ పిల్లలు 2013లో మొదలైన టీన్ టైటాన్స్ గో చూస్తున్నారు. కొత్తదంతా నవ్వులాట. నాకు పాతదే ఇష్టం.

కామిక్స్‌లో సైబోర్గ్ కథ మన తల్లిదండ్రులందరూ చదవాలి. అతని అసలు పేరు విక్టర్ స్టోన్. అమ్మానాన్నలిద్దరూ సైంటిస్టులు. కొడుకు మేధావి కావాలని చిన్నప్పుడే వాడి తెలివితేటల మీద ప్రయోగాలు చేశారు. వాడికేమో ఆటలంటే ప్రాణం. ల్యాబ్‌లో జరిగిన ప్రమాదంలో తల్లి చనిపోయింది, విక్టర్ ఒళ్ళు ఛిద్రమైంది. తండ్రి సైలస్ లోహపు అవయవాలు అమర్చి కొడుకుని బతికించుకున్నాడు. కొడుకు మాత్రం నన్నిలా ఎందుకు చేశావని మండిపడ్డాడు. ఇష్టపడ్డ ఆట ఇక ఆడలేడు మరి. తండ్రి ప్రేమా నిజమే, కొడుకు కోపమూ నిజమే. స్పెల్లింగ్ బీకీ మ్యాథ్ కోచింగ్‌కీ మధ్య పిల్లల్ని కార్లలో తిప్పే మనకి ఆ తండ్రి మనసు తెలియనిది కాదు. ఆ కొడుకు మనసు ఎంత తెలుసన్నదే నా దిగులు.

తర్వాత సైలస్ ఏం చేశాడంటే, టైటాన్స్ ఉండే, ఇంగ్లీషు T అక్షరం ఆకారపు టవర్ కట్టించి ఇచ్చాడు. కొడుకుతో రాజీ పడటానికి ఆయనకి తోచిన దారి అది. కట్టి, పిల్లలకి అప్పగించాడు. దాన్ని నడుపుకున్నది పిల్లలే. హాటన్ కార్నర్స్ పెద్దలు కాదన్నదాన్ని ఇక్కడ ఒక తండ్రి తనంతట తానే ఇచ్చాడు. నేను మన సంఘాన్ని అడుగుతున్నదీ అదే.

పిల్లలకి అప్పగిస్తే తప్పులు చేస్తారు, డబ్బు పాడవుతుంది అని కమిటీలో పెద్దలు అంటారు. వాళ్ళ భయం నాకు అర్థమవుతుంది. టైటాన్స్ కూడా చాలా పెద్ద తప్పే చేశారు. టెర్రా అనే అమ్మాయిని నమ్మి జట్టులో చేర్చుకుంటే ఆమె శత్రువు డెత్‌స్ట్రోక్ మనిషని తేలింది. జట్టంతా దాదాపు పట్టుబడిపోయింది. 1984 నాటి ఆ కథలో వాళ్ళని విడిపించడానికి బ్యాట్‌మన్ రాలేదు. అప్పటికే రాబిన్ వేషం వదిలేసిన డిక్ గ్రేసన్, నైట్‌వింగ్ అని సొంత పేరు పెట్టుకుని, జెరికో అనే మరో కుర్రాడితో కలిసి వెళ్ళాడు. గురువు నీడలో ఉన్నన్నాళ్ళూ అతనికి ఆ పేరు రాలేదు.

అందుకే అడుగుతున్నాను. ఈ ఏడాది దసరా వేడుక పూర్తిగా పదహారు దాటిన పిల్లలకి వదిలేద్దాం. హాలు ఎంపిక, బడ్జెట్, భోజనాల ఆర్డరు, ఏ నాటిక వెయ్యాలి, ఎవరు యాంకరింగ్ చెయ్యాలి, అన్నీ వాళ్ళే చూసుకుంటారు. చెక్కు మీద కోశాధికారి సంతకం తప్పదు కాబట్టి అది ఉంటుంది, అంతకు మించి మన జోక్యం వద్దు. తెలుగులో తడబడితే వెనక నుంచి అందించొద్దు. సగం ఇంగ్లీషులో మాట్లాడినా ముందు వరసలో కూర్చుని చివరిదాకా విందాం. వచ్చే జనరల్ బాడీ మీటింగ్‌లో ఈ ప్రతిపాదన నేను పెడతాను. బలపరిచేవాళ్ళు కావాలి. ఆ రోజు మీ పిల్లల్ని కూడా వెంటబెట్టుకుని రండి.